శనగబద్దంత పేస్టు

మొదటిసారి ఆగినప్పుడు కరెంటు పోయిందనుకున్నాను. తలెత్తి చూస్తే పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ మూలుగుతూనే ఉంది. కంప్యూటరు ఒక్కటే ఊపిరి వదిలేసినట్టు ఊరుకుంది. దాని పెట్టె మీద చెయ్యి వేస్తే, పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నె మూతలా ఉంది.

కాసేపాగి మళ్ళీ నొక్కితే వెలిగింది. ఒక హారతి పాట సగం టైపు కొట్టానో లేదో, లోపలి ఫ్యాను మా రొయ్యల చెరువులో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటరంత రొద చేసి, మళ్ళీ ఆగిపోయింది.

నేను చేసేది చిన్న పని. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి దగ్గరలో ఒక ప్రెస్సు ఉంది. వాళ్ళు అచ్చువేసే వ్రతకథలు, పూజావిధానాలు, మంగళహారతుల పుస్తకాలు తెలుగులో టైపు చేసి, పేజీలు కట్టి పంపుతాను. కైకలూరు పక్కన, కొల్లేటి అంచున ఉన్న అత్తవారింట్లో కూర్చుని ఇంత పని దొరకడం భగవంతుడి దయ అనే అనుకుంటాను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నడవలేకపోతే నాన్నగారే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. కాలు బాగుపడ్డాక కూడా చదువు ఇంట్లోనే సాగింది. రోజూ పాఠం అయ్యాక ఆయన ఒకటే ప్రశ్న వేసేవారు: "ఇవాళ ఎవరివల్ల నీకు మేలు జరిగింది?" ఎవరో ఒకరి పేరు చెప్పి, ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుంటేనే పుస్తకం మూయనిచ్చేవారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. సాయంత్రం దీపం పెట్టాక ఆ లెక్క చూసుకుంటాను.

ఎన్నో సాయంత్రాలు ఆ పేరు మా తమ్ముడిదే. వాడికి ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. నా కంప్యూటరు వాడే ఒక్కొక్క భాగమూ తెచ్చి, మా హాల్లో చాప మీద కూర్చుని బిగించాడు. తెలుగు అక్షరాలు కొట్టడం నేర్పింది కూడా వాడే.

అందుకే మావయ్యగారు ఆ మాట అన్నప్పుడు అది నాకు సూటిగా తగిలింది.

"అమ్మాయ్, మీ తమ్ముడు పండక్కొచ్చి ఇది విప్పేడు గదా. ఆ పండగ దాటిన దగ్గర్నుంచే గదా ఈ రోగం?"

నిజమే. ఆయుధపూజకు ముందురోజు తమ్ముడు వచ్చాడు. కంప్యూటరు కొంచెం నిదానంగా ఉందంటే, విప్పి, కొత్త ర్యామ్ ముక్క పెట్టాడు. పాత ముక్కను వెండిరంగు కవరులో పెట్టి సంచిలో వేసుకున్నాడు. మావయ్యగారు అప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నారు. మర్నాడు పూజ. చెరువు మోటార్లతో పాటు, అత్తగారి కుట్టుమిషనుతో పాటు కంప్యూటరుకి కూడా బంతిపూల దండ వేశాం. ఆ రెండు రోజులూ నేను దాన్ని ముట్టలేదు. తరువాత పనికి కూర్చుంటే ఇదిగో, ఇలా.

"అది పాత ముక్కండి మావయ్యగారూ. కొత్తది పెట్టేడు గదా, పాతది తీసుకెళ్ళేడు."

"పాతదో, కొత్తదో, కవర్లో పెట్టేసింది మనకేం కనపడుద్ది?"

మావయ్యగారిది పుట్టుకతో వచ్చిన అనుమానం కాదు. చాలా ఏళ్ళ కిందట చెరువు మోటారు కాలిపోతే వైండింగుకి ఇచ్చారట. బాగుచేసిన మనిషి లోపలి రాగి తీగంతా తీసుకుని, రాగిరంగు పూసిన అల్యూమినియం తీగ చుట్టి ఇచ్చాడట. పైకి అంతా ఒకటే. నిండు చెరువు మీద, మబ్బు పట్టిన రోజున, ఆ మోటారు వేడెక్కి ఆగిపోయింది. గాలి అందక రొయ్యంతా నీటి పైకి తేలింది. ఆ రోజు నుంచి వేడెక్కి ఆగిపోయే యంత్రం ఏది చూసినా ఆయనకు ఒకటే అర్థం: లోపలి సరుకు మారింది.

ఆయన విచారణ మొదలుపెట్టారు. నన్ను అడిగారు. మా వారిని అడిగారు. కూరగాయలు తరుగుతున్న అత్తగారిని కూడా వదల్లేదు.

"నువ్వేవన్నా ఆ పెట్టె ముట్టుకున్నావా?"

"ఆయ్, నేనూ మీ కోడలితో పాటు పుస్తకాలు రాస్తన్నా గదండీ, అందుకే విప్పి చూసేను" అన్నారు అత్తగారు, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా.

"వెటకారం వొద్దు."

"మరి నాకెందుకండీ ఆ పెట్టె? మీరేమన్నా ముట్టుకున్నారేమో చూసుకోండి."

"నేనెందుకు ముట్టుకుంటాను!" అన్నారు ఆయన. ఆ మాట ఎంత నిబ్బరంగా అన్నారంటే, ఇక మిగిలింది మా తమ్ముడొక్కడే అయ్యాడు.

తమ్ముడికి ఫోను చేశాను. వేడెక్కి ఆగిపోతోందని చెప్పాను.

"అక్కా, దాన్ని విప్పకండి. నేనొచ్చేదాకా ఎవరికీ చూపించొద్దు" అన్నాడు.

ఎప్పుడొస్తావంటే, చూస్తానన్నాడు. వాడి గొంతు అదోలా ఉంది. రెండు వారాలు గడిచినా రాలేదు. ఎవరికీ చూపించొద్దని ఎందుకన్నాడు? చూపిస్తే ఏం బయటపడుతుంది? పిలిస్తే పరిగెత్తుకొచ్చేవాడు ఇప్పుడెందుకు రావడం లేదు? అనుమానం నాచు లాంటిది. మనం పట్టించుకోకపోయినా నిలవనీటిలో దానంతటదే పెరుగుతుంది. ఆ సాయంత్రాలు దీపం ముందు కూర్చుంటే తమ్ముడి పేరు నా నోటికి రాలేదు. "ఏది నిజమో అది చూపించు స్వామీ" అని మాత్రం వేడుకున్నాను. మా తమ్ముడి తప్పు లేదని చూపించు అని అడిగే ధైర్యం లేకపోయింది.

మావయ్యగారు ఆఖరికి తీర్పులాంటి మాట అన్నారు.

"ఏలూరెళ్దాం. వేరే కొట్టులో విప్పించి చూద్దాం. లోపల సరుకు మారిందని తేలిందనుకో, మీ తమ్ముడు మళ్ళీ మన గుమ్మం ఎక్కడానికి వీల్లేదు. నీ మీద నాకేం లేదమ్మా. నువ్వు మా ఇంటి పిల్లవి."

ఇంటి పిల్లను కాబట్టే ఎదురు చెప్పకుండా పాత దుప్పటి వెతికి తెచ్చాను. పుట్టింటి నుంచి నా గుమ్మం ఎక్కే మనిషి వాడొక్కడే. నాన్నగారు లేరు. అమ్మ ప్రయాణాలు చేయలేదు.

కంప్యూటరు పెట్టెను పాత దుప్పటిలో చుట్టి బస్సెక్కాం. మావయ్యగారు దాన్ని ఒళ్ళోంచి దించలేదు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. కండక్టరు వచ్చి దుప్పటి మూటను ఎగాదిగా చూశాడు.

"ఏవండీ పెద్దాయనా, ఒళ్ళో ఉన్నదానికి వయసెంతండీ? అయిదు దాటితే టిక్కెట్టు కొట్టాలి మరి."

"రెండేళ్ళండి. ఒళ్ళు వేడిగా ఉంటంది. డాక్టరుకి చూపిద్దావని."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ కొల్లేరు మీదుగా బస్సు వెళుతున్నంతసేపూ, గట్ల మధ్య తళతళలాడే చెరువుల్ని చూస్తూ, తిరుగు ప్రయాణం ఎలా ఉంటుందో అనే అనుకుంటూ ఉన్నాను.

మొదటి కొట్టు బస్టాండుకు దగ్గరలోనిదే. అద్దాల తలుపులు, లోపల ఏసీ. కుర్రతనం పోని ఒకాయన పెట్టె పక్క తలుపు కూడా తీయకుండా, వైరు తగిలించి, తెర మీద ఏదో చూసి తేల్చేశాడు.

"వేడి ఎక్కువొస్తందండి. ప్రాసెసరు పోయినట్టేనండి. మార్చేద్దాం. పాతది ఇక్కడే వదిలెయ్యండి, మేం చూసుకుంటాం."

ఆ ఆఖరి మాటకు మావయ్యగారు వైరు ఊడబీకి, పెట్టె మీద దుప్పటి కప్పేశారు.

"విప్పకుండానే పోయిందంట! పాతది వదిలెయ్యాలంట!" రోడ్డు మీదకు వచ్చాక ఆయన గొంతు లేచింది. "వీడు మీ తమ్ముణ్ణి మించినోడు."

మీ తమ్ముణ్ణి మించినోడు. ఆ పోలిక నా ఒంట్లో ముల్లులా దిగింది. ఎక్కడలేని తెగువ వచ్చింది.

"మావయ్యగారూ, మా తమ్ముడి కొట్టు ఇక్కడికి రెండు వీధులే. మీ కళ్ళ ముందే విప్పిస్తాను. మీరు ఎంత దగ్గరగా కూర్చుంటే అంత మంచిదండి."

ఆయన నా మొహం చూశారు. నాకు కూడా అనుమానం ఉందన్న సంగతి కనిపెట్టినట్టే అనిపించింది. "పద" అన్నారు.

తమ్ముడు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. మా ఇద్దర్నీ చూశాడు, దుప్పటి మూటను చూశాడు. ఆ తరువాత నవ్వు తెచ్చుకున్నాడు.

"రండి మావయ్యగారూ. రా అక్కా. మంచినీళ్ళు తాగుతారా?"

"ఏవొద్దు. పని కానీ."

ఏలూరు ఎండలో నడిచివచ్చిన మనిషి నీళ్ళు వద్దన్నారంటే తమ్ముడికి అర్థమయింది. బల్ల మీద ఉన్నవన్నీ తీసేసి, ఖాళీ బల్ల మీద పెట్టె పెట్టాడు. పక్కన స్టూలు వేసి, "ఇక్కడ కూర్చోండి, బాగా కనపడుద్ది" అన్నాడు. మాటలో మర్యాద ఉంది, కోపం కూడా ఉంది.

"ఫోన్లో ఎవరికీ చూపించొద్దన్నావు గదరా, ఎందుకు?" అని నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎవడో విప్పి ఏదోటి పాడుచేస్తే, అది కూడా నా మీదకే వస్తాది గదక్కా." పెట్టె మర విప్పుతూనే అన్నాడు. "ఆ రోజు నువ్వు ఫోన్లో మాట్లాడతంటే వెనకాల మావయ్యగారి మాట నాకు వినపడింది. 'ఆ దొంగ సచ్చినోడు ఏం చెప్తన్నాడు' అన్నారు. మరింక ఎలా రమ్మంటావు?"

మావయ్యగారు దగ్గారు. నేను నేల చూశాను.

పక్క తలుపు ఊడి వచ్చింది. తమ్ముడు లోపలికి చూసి ఆగిపోయాడు.

"అక్కా, లోపలెవరు తుడిచారు?"

లోపల దుమ్ము కణం లేదు. వైర్లు కూడా తడిగుడ్డతో తుడిచినట్టు నిగనిగలాడుతున్నాయి. కొల్లేటి గాలికి మా ఇంట్లో అద్దమే రెండురోజులు శుభ్రంగా ఉండదు. ఇంత శుభ్రం మా ఇంట్లో ఒక్కరి చేతికే సాధ్యం. ఏటా ఆయుధపూజనాడు పొద్దున్నే లేచి, వీధి అరుగు మీద పాత బ్రష్షుతో, కిరసనాయిలు గుడ్డతో మోటార్లను ముక్కముక్కా విప్పి తోమే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన ఇప్పుడు వీధిలో పోయే ఆటోను చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, తమ్ముడి ముందు, వాడి కొట్టులో, మావయ్యగారి మాట పోతుంది. చెప్పకపోతే వాడు దొంగగానే మిగిలిపోతాడు. అత్తవారి పెద్దరికమా, తోడబుట్టినవాడి పరువా? స్వామీ, నాచేత చెప్పించకు అనుకున్నాను.

తమ్ముడు ప్రాసెసరు మీద కూర్చున్న ఫ్యానుకున్న నాలుగు కాళ్ళూ మర తిప్పి వదులు చేశాడు. ఆ ఫ్యానునీ, దాని కింది లోహపు దిమ్మనీ కలిపి కూలరు అంటారు. మామూలుగా అది గట్టిగా అతుక్కుని ఉంటుందట, అటూ ఇటూ మెల్లగా కదిపితే తప్ప రాదట. ఇది డబ్బా మూతలా చేతికి వచ్చేసింది. వాడు దాన్ని తిరగేశాడు.

అడుగుభాగం చింతపండుతో తోమిన పూజగిన్నెలా మెరిసిపోతోంది. కింద ప్రాసెసరు కూడా అంతే. దాని నట్టనడుమ గంధం బొట్టు, అందులో కుంకుమ. వేడికి ఎండి, పగిలి, ఇటుకరంగుకు తిరిగింది.

తమ్ముడు కూలరు బల్ల మీద పెట్టి, వేలితో ఆ బొట్టు చూపించాడు.

"ఆ బొట్టు నేను పెట్టిందే" అన్నారు మావయ్యగారు.

"మరి ముట్టుకోలేదన్నారు గదండీ?" నా నోటి నుంచి వచ్చేసింది.

"పూజ చేస్తే ముట్టుకోవడం అవుద్దా అమ్మాయ్? ఏటా మోటార్లకి చేస్తాను. ఎవరన్నా మోటారు ముట్టుకున్నావా అనడిగితే, చేసేనంటానా?"

ఆ మాటలో అబద్ధం లేదు. దేవుడి గదిలో విగ్రహాన్ని కడిగి, తుడిచి, బొట్టు పెడితే, విగ్రహాన్ని కదిపానని ఎవరూ అనుకోరు. మా ఇంట్లో ఆయుధపూజనాటి పని అంతా ఆ కోవలోదే.

"మీ తమ్ముడే ఓసారి చెప్పేడు, ఇది దీని మెదడని" అన్నారు మావయ్యగారు. "మెదడుకి బొట్టు పెట్టకుండా రేకు డబ్బాకి పెడితే ఏం లాభం? విప్పేను. విప్పితే అక్కడంతా బూడిదరంగు మట్టి. గట్టిపడిపోయి అసయ్యంగా ఉంది. ఏదో విరగ్గొట్టి, ఎంసీలు బంక లాంటిది మెత్తి దాచేసేవనుకున్నాను. గోరుతో గీకి, తోమి, శుభ్రం చేసి పెట్టేను."

"అప్పుడే నా మీద అనుమానం వచ్చిందన్నమాట మీకు" అన్నాడు తమ్ముడు.

"వస్తాది మరి. ఎందుకు రాదు?"

తమ్ముడు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. గంధం బొట్టును స్పిరిటు దూదితో తుడవబోయి ఆగి, "తుడవనా అండీ?" అని అడిగాడు.

మావయ్యగారు కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, "ఆయ్, తుడు" అన్నారు.

"మీరు గీకేసిందే దీనికి ప్రాణం అండి మావయ్యగారూ. ఈ రెండు లోహాలూ నున్నగా కనపడతాయి గానీ, కంటికి కనపడని గుంటలుంటాయి. వాటిల్లో గాలి చేరితే కింది వేడి పైకి ఎక్కదు. ఆ గుంటలు నిండడానికే ఆ పేస్టు."

మావయ్యగారు రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి చూసుకున్నారు. "తూము పలకల మధ్య బంకమట్టి కూరినట్టా?"

"ఆఁ, అలాంటిదేనండి. అక్కడ నీళ్ళు పోకుండా కూరతారు, ఇక్కడ వేడి పోడానికి."

తమ్ముడు సొరుగులోంచి సిరంజి లాంటి గొట్టం తీశాడు. ప్రాసెసరు నడుమ బూడిదరంగు చుక్క ఒకటి, శనగబద్దంత పెట్టి, గొట్టానికి మూత బిగించేశాడు. మావయ్యగారు స్టూలు ముందుకు లాక్కున్నారు.

"అంతేనా?"

"అంతేనండి."

"మొత్తం పూయవా? గేరుబాక్సుకి గ్రీజు నిండా పెట్టకపోతే అరిగిపోద్ది."

"ఇది గ్రీజు కాదండి. ఎక్కువైతే పక్కలకి కారిపోద్ది. పైన కూలరు నొక్కితే అదే పరుచుకుంటాది."

"గొట్టంలో చాలా ఉంది గదా. మిగతాది ఎవరికి దాస్తన్నావ్?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను, నవ్వు ఆగక. వాడు గొట్టం ఆయన చేతిలో పెట్టి, "మీరే దాచుకోండి, మళ్ళీ నేను తినేశానంటారు" అన్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, తిరిగిచ్చేశారు.

"నేను కూడా నడుమనే పెట్టేను" అన్నారు మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

తమ్ముడు కూలరు బిగించి, కంప్యూటరు వెలిగించాడు. తెర మీద వేడి ఎంతుందో చూపించే అంకె కాస్త పైకెక్కి, ఒకచోట నిలబడిపోయింది. ఫ్యాను చప్పుడు వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. మావయ్యగారు నమ్మలేదు. "కాసేపుండనీ" అన్నారు. ఉండనిచ్చాం. "ఆ కవర్లో ఏం పెట్టుకెళ్ళేవు?" అని అడిగారు ఈలోగా. తమ్ముడు సొరుగు లాగి ఆ వెండిరంగు కవరు తీసి ముందు పెట్టాడు. అందులో మా పాత ర్యామ్ ముక్క ఉంది. దాని మీద మా ఇంటి పేరు రాసిన కాగితం అంటించి ఉంది. నేను చేతులు జోడించాను, ఎవరికి అని అడిగితే చెప్పలేను. మనసులో ఎన్నో రోజులుగా ఆగిపోయిన పేరు ఒకటి చెప్పుకున్నాను.

మధ్యాహ్నం దాటింది. కంప్యూటరు ఆగలేదు. నేను మిగిలిపోయిన హారతి పాట అక్కడే కూర్చుని పూర్తిగా కొట్టేశాను. మావయ్యగారు తెర వైపే చూస్తూ కూర్చున్నారు. తప్పయిందని ఆయన అంటారని నేను అనుకోలేదు. ఆయన అనలేదు కూడా. దుప్పటి మడత విప్పుతూ, తల ఎత్తకుండా అన్నారు:

"ఏవోయ్, శుక్రవారం మా చెరువు పట్టుబడి. కొనేవాళ్ళ మనుషులే కాటా వేస్తారు. మన మనిషొకడు కాటా పక్కన నిలబడాలి. నీకు వీలవుద్దా?"

నేను వింటున్నది నిజమేనా అనిపించింది. రొయ్యలు పట్టే రోజున కాటా దగ్గర మా వారు తప్ప ఇంకొకరు నిలబడగా నేను చూడలేదు. సొంత అన్నగారి కొడుకు వస్తానన్నా మావయ్యగారు భోజనం పెట్టి పంపేశారు తప్ప, కాటా దగ్గరకు రానివ్వలేదు.

తమ్ముడు పెట్టె పక్క తలుపు మరలు ఒక్కొక్కటీ బిగించాడు. ఆఖరి మర బిగించాక అన్నాడు:

"వస్తానండి. మరి కాటాని నేను చూస్తంటే, నన్నెవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను" అన్నారు మావయ్యగారు.